కార్డు మీద పాతిక లక్షలు, ట్రెజరీలో ఆగిన బిల్లు

2025 అక్టోబర్ 10న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే ప్రభుత్వ ఆరోగ్య పథకంలో చేరినవి, పేదలకు ఉచిత వైద్యం ఇచ్చే ఎన్టీఆర్ వైద్య సేవ కింద సేవలు ఆపేస్తున్నట్టు ప్రకటించాయి. ప్రభుత్వం నుంచి రావాల్సిన బకాయి సుమారు 2,700 కోట్ల రూపాయలకు చేరిందని వాటి సంఘం చెప్పింది. ఆ రోజు పథకమేమీ రద్దు కాలేదు. జీవో రాలేదు, ఎవరి కార్డూ తీసేయలేదు. కుటుంబానికి ఏడాదికి 25 లక్షల దాకా అన్న హామీ కాగితం మీద చెక్కుచెదరకుండా ఉంది. విశాఖలో ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసుకున్న మనిషికి మాత్రం రెండే దారులు మిగిలాయి: సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లడం, లేదా సొంత డబ్బు కట్టడం.

తర్వాత చర్చలు జరిగాయి, కొంత సొమ్ము విడుదలైంది, సేవలు మళ్లీ మొదలయ్యాయి, వార్త పాతబడింది. అయినా ఆ కొద్ది రోజులు ఒక సంగతి తేల్చేశాయి. పేదల ఆరోగ్య బీమాను ఎదురుగా నిలబడి రద్దు చేసే ధైర్యం ఏ పార్టీకీ లేదు. అది పోతే ఒక్కసారిగా పోదు, బిల్లుల దగ్గర మెల్లగా ఎండిపోతుంది. కాబట్టి దాన్ని కాపాడుకోవాలనుకునేవాళ్లు చూడాల్సింది పరిమితి ఎంత పెరిగిందని కాదు, పేరు ఎవరిది పెట్టారనీ కాదు. ఆసుపత్రి పంపిన బిల్లు ఎన్నో రోజున చెల్లిందన్నది చూడాలి.

పేరు గొడవ ముందే ముగించేద్దాం. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ. రాష్ట్రం విడిపోయాక ఎన్టీఆర్ వైద్య సేవ. 2019 తర్వాత డాక్టర్ వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రతిసారీ బోర్డులు మారాయి, కార్డు మీద బొమ్మలు మారాయి. కంచరపాలెంలోనో గాజువాకలోనో అడిగి చూడండి, జనం ఇప్పటికీ "ఆరోగ్యశ్రీలో చేయించాం" అనే అంటారు.

పరిమితి కథ కొంచెం ఆసక్తికరం. మొదట్లో కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు. పెరుగుతూ పెరుగుతూ 2023 డిసెంబర్‌లో 25 లక్షలైంది. చికిత్సల జాబితా కూడా వందల నుంచి 3,257కు పెరిగింది. ఇందులో ఒక కిటుకుంది. పరిమితి పెంచిన రోజు ఖజానా మీద పెద్దగా భారం పడదు. ఏడాదిలో పది లక్షలో ఇరవై లక్షలో ఖర్చయ్యే జబ్బు ఏ కుటుంబానికో గానీ రాదు. రోజువారీ కేసులు స్టెంట్లు, డయాలసిస్, విరిగిన ఎముకలు, కీమో, కిడ్నీ రాళ్లు. అసలు ఖర్చంతా వాటిదే. పరిమితిని ఒక ప్రకటనతో పెంచొచ్చు. ఈ మామూలు కేసులకు నెలనెలా డబ్బు సర్దడానికి మాత్రం బడ్జెట్ కావాలి.

ఈ పథకం ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకుంటే బకాయిల ప్రమాదం ఇంకా బాగా అర్థమవుతుంది. 2004 మే నుంచి 2007 జూన్ దాకా అప్పటి ప్రభుత్వం ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి 55 వేలకు పైగా వైద్య కేసులకు సుమారు 168 కోట్లు ఇచ్చింది. ఇచ్చింది నిజమే. కానీ ఎలా? ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితం, ఎమ్మెల్యే లెటర్, హైదరాబాద్‌లో తెలిసిన మనిషి, ఫైలు ఎక్కడుందో కనుక్కోవడానికి నాలుగు ఫోన్లు. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి మనిషి గుండె జబ్బుతో ఉండి ఇదంతా చేయాలి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై 2008 జూలైకల్లా రాష్ట్రమంతా పరుచుకున్న ఆరోగ్యశ్రీ తెచ్చిన అసలు మార్పు డబ్బు కాదు, లెటర్ అవసరం లేకపోవడం. తెల్లరేషన్ కార్డు చూపిస్తే చాలు, దండం పెట్టక్కర్లేదు. దయగా దొరికేది హక్కైంది.

బకాయిలు పేరుకున్నప్పుడల్లా లెటర్ మళ్లీ వెనక దారిలో వచ్చేస్తుంది. ఆసుపత్రి "పథకంలో ఇప్పుడు తీసుకోవట్లేదు" అన్న మరుక్షణం ఇంట్లోవాళ్లు చేసే పని ఎవరో ఒక నాయకుడి ఇంటికి వెళ్లడం. సహాయనిధి చెక్కుల పంపిణీ ఫొటోలు ఎక్కువగా వస్తున్నాయంటే అది సంతోషించాల్సిన విషయమేమీ కాదు. బీమా చేయాల్సిన పని సహాయనిధి చేస్తోందని దాని అర్థం.

ఇంతకీ బిల్లు ఎక్కడ ఆగుతుంది? దాని దారి వెంట కొంచెం నడవాలి.

రోగి ముందు వైద్య మిత్ర డెస్కు, అంటే ఆసుపత్రిలో పథకం నమోదు చూసే డెస్కు దగ్గరికి వస్తాడు. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలోనూ ఈ డెస్కు ఉండాలి. జిప్పున్న పాలిథిన్ కవర్లోంచి కార్డు, ఆధార్, పాత స్కాన్లు, ఇంకో ఊరి డాక్టరు రాసిన చీటీ బయటికొస్తాయి. వేలిముద్ర పెట్టమంటారు. ఇక్కడే మొదటి చిక్కు. ఫిషింగ్ హార్బర్‌లో ఇరవై ఏళ్లుగా ఉప్పునీళ్లలో, ఐసుముక్కల్లో చేతులు పెట్టి చేపలు ఏరిన ఆడమనిషి వేలి మీద గీతలు మిగిలి ఉండవు. తాపీ పని చేసేవాళ్లదీ అదే బాధ, సిమెంటు గీతల్ని తినేస్తుంది. బొటనవేలు పడకపోతే చూపుడువేలు, అదీ పడకపోతే చెయ్యి తడిగుడ్డతో తుడిచి మళ్లీ. చివరికి ముఖం స్కాన్ చేసో, ఓటీపీతోనో పని గట్టెక్కుతుంది. ఓటీపీ వచ్చే ఫోన్ షిప్‌యార్డులో డ్యూటీలో ఉన్న కొడుకు జేబులో ఉంటే అది ఇంకో గంట.

నమోదయ్యాక ఆసుపత్రి డాక్టరు రిపోర్టులన్నీ జతచేసి ముందస్తు అనుమతి కోసం ఆన్‌లైన్లో పంపుతారు. జనం భాషలో చెప్పాలంటే "అప్రూవల్ పెట్టారు." పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టులోని డాక్టర్లు చూసి సరే అంటారు, లేదా ఇంకో రిపోర్టు అడుగుతారు. ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో ఫోన్ మీదే అనుమతి తీసుకుని తర్వాత కాగితాలు పెట్టే వీలుంది. ఆపరేషన్ అవుతుంది, రోగి డిశ్చార్జి అవుతాడు. అప్పుడు ఆసుపత్రి క్లెయిమ్ పంపుతుంది. అక్కడ పరిశీలన, ప్రశ్నలు, జవాబులు. ట్రస్టు ఆమోదించాక అసలు నిరీక్షణ మొదలవుతుంది, ఆర్థిక శాఖ సొమ్ము విడుదల చేసేదాకా. రోగికి సంబంధించినంత వరకు కథ డిశ్చార్జితో ముగిసినట్టే. కానీ తర్వాత వచ్చే రోగికి తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది ఈ చివరి మెట్టు మీదే ఆధారపడి ఉంటుంది.

పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఈ ఆలస్యాన్ని తట్టుకుంటుంది. దానికి నగదు కట్టే రోగులున్నారు, ప్రైవేటు బీమా కేసులున్నాయి, బ్యాంకులో పరపతి ఉంది. తట్టుకోలేనిది యాభై, వంద పడకల ఆసుపత్రి. దాని కేసుల్లో ఎక్కువ భాగం పథకంవే. స్టెంట్ల సరఫరాదారుడు నెల దాటితే ఊరుకోడు. నర్సుల జీతాలు ఒకటో తారీఖున పడాలి. ఆక్సిజన్, కరెంటు, అద్దె ఏవీ ఆగవు. అప్పు తెచ్చి నడిపితే ప్యాకేజీలో, అంటే ఒక్కో చికిత్సకు పథకం ఖాయం చేసిన ధరలో, మిగిలే కాస్తా వడ్డీకి పోతుంది.

అలాంటి ఆసుపత్రి ఏం చేస్తుంది? బోర్డు పీకేయదు. పడకలు లేవంటుంది. ఫలానా పరీక్ష పథకంలో రాదు, బయట చేయించుకోండి అంటుంది. బాగా గిట్టుబాటయ్యే ప్యాకేజీలు తీసుకుని, చేతి నుంచి పడేవాటిని పెద్దాసుపత్రికి, అంటే కేజీహెచ్‌కి, రిఫర్ చేస్తుంది. ఉచితమని వచ్చినవాళ్లు ఐదు వేలు, పది వేలు కట్టి వెళ్తారు. డబ్బు అడగడం నిబంధనలకు విరుద్ధం, ఫిర్యాదు చేసే వీలూ ఉంది. కానీ ఆపరేషన్ బల్ల మీదికి మనిషిని పంపబోతూ ఆ డాక్టరు మీద ఫిర్యాదు చేసేవాళ్లు ఎంతమంది? సర్కారు బాకీ కాస్తా ఇలా రోగి బాకీ అవుతుంది.

ఆ బాకీ ఎలా ఉంటుందో లెక్క చూద్దాం. మర్రిపాలెంలో ఆటో నడిపే ఒకతను ఆపరేషన్ వాయిదా వేయడం కుదరక రెండు లక్షలు బయట తెచ్చాడనుకుందాం. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే మార్కెట్లో మరీ ఎక్కువేం కాదు. నెలకు ఆరు వేలు. అసలు అలాగే ఉంటుంది. ఛాతీ మీద కుట్లతో రెండు మూడు నెలలు ఆటో తీయలేడు. ముందు ఇంట్లో బంగారం తాకట్టుకు పోతుంది, తర్వాత ఆటో ఫైనాన్సు కిస్తీలు తప్పుతాయి, ఆ తర్వాత కూతురు ఇంటర్‌తో చదువు ఆపేస్తుంది. పేదరికంలోకి జారడానికి పెద్ద విపత్తు అక్కర్లేదు, ఒక నెల ఆగిన అప్రూవల్ చాలు. దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పెట్టే వాటా 2014-15లో 62.6 శాతం ఉండేది, 2021-22 నాటికి 39.4 శాతానికి దిగిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. దిగిందన్నది మంచి మాటే. ఇంకా వంద రూపాయల్లో దాదాపు నలభై జేబులోంచే పోతున్నాయన్నది కూడా అదే లెక్క.

వాయిదా వేయగలిగిన ఆపరేషన్ల సంగతి ఒక రకం. వాయిదా అన్న మాటే కుదరనివి రెండున్నాయి. ఉత్తరాంధ్రలో డయాలసిస్ అంటే ఏమిటో ఎవరికీ వివరించక్కర్లేదు. ఉద్దానం నుంచి వచ్చిన కిడ్నీ రోగులు ఏళ్ల తరబడి విశాఖ బస్సుల్లో, పాసింజర్లలో ఈ పని మీద తిరిగారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో ప్రారంభమైంది. డయాలసిస్ రోగికి నెలకు పది వేల పింఛను కూడా వస్తోంది. అయినా మిషన్ మీద కూర్చోవాల్సింది వారానికి రెండు మూడుసార్లు. సోమవారం వెళ్లినవాడు గురువారం వెళ్లాలి. గురువారం సేవలు బంద్ అంటే శనివారానికి కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం వస్తుంది. రెండోది క్యాన్సర్. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి వచ్చాక ఈ ప్రాంతం వాళ్లకు ముంబై ప్రయాణం చాలావరకు తప్పింది. కీమోల మధ్య విరామం చాలా కేసుల్లో 21 రోజులు. ఆ లెక్క తప్పితే మందు ప్రభావమే దెబ్బతింటుంది. బడ్జెట్ విడుదలలు త్రైమాసికాల లెక్కన నడుస్తాయి, కణితికి ఆ క్యాలెండర్ తెలీదు.

బకాయిల జబ్బుకు మందుగా ఇప్పుడు బీమా కంపెనీలను తెస్తున్నారు. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన విధానం ప్రకారం మొదటి రెండున్నర లక్షల దాకా ఖర్చును ప్రీమియం తీసుకున్న బీమా కంపెనీ భరిస్తుంది. ఆ పైన 25 లక్షల దాకా పేద కుటుంబాలకు ట్రస్టు చూసుకుంటుంది. రెండున్నర లక్షల బీమా మాత్రం ఆదాయంతో పని లేకుండా దాదాపు 1.63 కోట్ల కుటుంబాలకు. అనుమతి ఆరు గంటల్లో ఇస్తామని కూడా చెప్పారు.

ఇది కొత్త ప్రయోగమని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి పాత ఇంటికే తిరిగి రావడం. ఆరోగ్యశ్రీ 2007లో బీమా కంపెనీతోనే మొదలైంది. ఏడాది తిరిగేసరికి కొన్ని చికిత్సలను ట్రస్టు నేరుగా చూసుకోవడం మొదలుపెట్టింది, క్రమంగా కంపెనీ తప్పుకుని మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది. కేరళ కూడా 2019లో కంపెనీతో మొదలుపెట్టి మరుసటి ఏడాదే తన సొంత ఏజెన్సీకి మార్చుకుంది. అంటే రెండు రాష్ట్రాలు ఒకసారి నడిచి వెనక్కి వచ్చిన దారి ఇది. అంతమాత్రాన తప్పు దారి అనలేం, తమిళనాడు ఏళ్లుగా బీమా కంపెనీతోనే నడుపుకొస్తోంది. కానీ దారిలో గోతులు ఎక్కడున్నాయో తెలిసి నడవాలి.

కంపెనీ వస్తే ఒక లాభం ఖాయం. ప్రీమియం ముందే కట్టాలి కాబట్టి ప్రభుత్వం ఆ ఖర్చును బడ్జెట్లో దాచలేదు. క్లెయిమ్ వచ్చాక సొమ్ము కోసం వెతకడం ఉండదు. అయితే ప్రీమియమే వాయిదాల్లో ఆలస్యమైతే? అప్పుడు కంపెనీ ఆసుపత్రికి చెల్లించడం ఆపుతుంది, ఆసుపత్రి రోగిని ఆపుతుంది. గొలుసులో ఒక లంకె పెరిగిందంతే, ఆగే చోటు మారలేదు.

నష్టం ఇంకోవైపు ఉంది. ట్రస్టుకు ఒక క్లెయిమ్ తిరస్కరిస్తే మిగిలేది ఏమీ లేదు. కంపెనీకి తిరస్కరించిన ప్రతి రూపాయీ లాభమే. ఇది కంపెనీల దుర్మార్గమని కాదు, ఆ వ్యాపారం నడిచే తీరే అంత. 2007 నాటి ఒప్పందం రాసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే అందులో ఒక షరతు పెట్టారు: ప్రీమియంలో 20 శాతం కంపెనీ నిర్వహణ ఖర్చుకు పోగా, మిగిలిన 80 శాతంలోంచి క్లెయిమ్‌లు చెల్లించాక ఇంకా సొమ్ము మిగిలితే దానిలో 90 శాతం ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేయాలి. అంటే క్లెయిమ్‌లు తొక్కిపెట్టి కంపెనీ బాగుపడేది పెద్దగా ఏమీ ఉండదు. కొత్త ఒప్పందంలో అంత గట్టి షరతు ఉంటే సగం భయం తీరిపోతుంది. లేకపోతే ఆరు గంటల్లో వచ్చేది అనుమతి కావచ్చు, తిరస్కరణ కూడా కావచ్చు.

రెండున్నర లక్షల గీత దగ్గర ఇంకో చిక్కు పొంచి ఉంది. ఒక రోడ్డు ప్రమాదం కేసు కంపెనీ వాటాలో మొదలై, రెండో ఆపరేషన్ నాటికి ట్రస్టు వాటాలోకి పోతుంది. రెండు కార్యాలయాలు, రెండు అనుమతులు. ఈ ఖర్చు మీదంటే మీదని అవి వాదించుకుంటున్నంతసేపూ రోగి ఐసీయూలోనే ఉంటాడు. పైకి రోగికి ఒకే డెస్కు, ఒకే అనుమతి కనబడాలి, లెక్కలు వాళ్లలో వాళ్లు తర్వాత తేల్చుకోవాలి. ఈ మాట ఒప్పందంలో రాసి ఉండాలి, నోటిమాట చాలదు.

అందరినీ బీమాలోకి తేవడం మీద మాత్రం విమర్శల కంటే మెచ్చుకోలే ఎక్కువ రావాలి. పేదలకే అని పెట్టిన పథకం మెల్లగా పేద పథకం అవుతుంది, అడిగేవాడుండడు. ఎంవీపీ కాలనీలో ఉండే రిటైర్డు ఉద్యోగి కూడా అదే డెస్కు ముందు నిలబడితే, అప్రూవల్ ఆలస్యమైన రోజు పేపర్లో ఉత్తరం పడుతుంది, లోకల్ టీవీ వస్తుంది. ఆ గొంతు వల్ల జాలరిపేట మనిషికీ పని జరుగుతుంది. ఉన్న పడకలనే అందరూ పంచుకోవాలి కదా, పలుకుబడి ఉన్నవాళ్లు ముందు దూరిపోరా అనే అనుమానం న్యాయమైనదే. దానికి మందు పడకలు పెంచడం, జనాన్ని బయట పెట్టడం కాదు.

మోసాల మాట ఎత్తకుండా ఈ చర్చ ముగియదు, ఎత్తాలి కూడా. ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన మీద 2023లో ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ ఇచ్చిన నివేదికలో దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులు ఒకే ఫోన్ నంబరుకు ముడిపడి ఉన్నారని తేలింది, పది తొమ్మిదులున్న నంబరు అది. చనిపోయినట్టు నమోదైన 3,446 మంది పేర్ల మీద దాదాపు ఏడు కోట్లు చెల్లించారని కూడా అందులో ఉంది. మన దగ్గర ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు విపరీతంగా జరుగుతున్నాయన్న గొడవ రేగి, చివరికి వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ఆ ఆడవాళ్లకు డబ్బు పోలేదు, ఒంట్లో భాగం పోయింది. కాబట్టి తనిఖీ గట్టిగా ఉండాల్సిందే. అయితే తనిఖీ పేరుతో అందరి బిల్లులూ ఆపడం తనిఖీ కాదు. అనుమానం ఉన్న బిల్లును పక్కన పెట్టి, మిగతావి చెల్లించాలి. పైగా చెల్లింపు ఎంత ఆలస్యమైతే దొంగ బిల్లు పెట్టాలన్న ఆశ అంత పెరుగుతుంది. నిజాయితీగా నడిపే చిన్న ఆసుపత్రి పథకంలోంచి తప్పుకుంటుంది, ఎలాగైనా రాబట్టుకోగలనన్న ధీమా ఉన్నవాడు మిగులుతాడు.

ఇక కేజీహెచ్. ఈ వ్యాసంలో బీమా గురించి ఎంత మాట్లాడినా చివరికి దాని గేటు దగ్గరికి రావాల్సిందే. 1923లో మహారాణిపేటలో మొదలైన ఆ ఆసుపత్రికి శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, సరిహద్దు దాటి కోరాపుట్, రాయగడ వైపు నుంచి కూడా రోగులొస్తారు. డోలీలో కొండ దిగి, అక్కడి నుంచి 108 ఎక్కి, పాడేరులో కాదన్నాక ఇక్కడికి చేరినవాళ్లుంటారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు స్పృహ తప్పిన జనాన్ని తీసుకొచ్చిందీ ఇక్కడికే. ఆ పూట ఎవరి కార్డు ఏ రంగో ఎవరూ చూడలేదు.

బీమా పథకాలతో ప్రభుత్వ ఆసుపత్రులు చచ్చిపోతాయన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. అందులో సగం నిజం. కోట్ల రూపాయలు ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్తుంటే కేజీహెచ్‌లో స్కానింగ్ మిషన్ రిపేరుకు ఫైలు తిరుగుతూ ఉండటం చూసినవాళ్లకు కడుపు మండటం సహజం. కానీ మిగతా సగం కూడా చెప్పాలి. కేజీహెచ్ కూడా నెట్‌వర్క్ ఆసుపత్రే. అక్కడ చేసిన ఆపరేషన్‌కూ క్లెయిమ్ వస్తుంది. ఆ సొమ్ములో కొంత డాక్టర్లకు, సిబ్బందికి ప్రోత్సాహకంగా, మిగతాది ఆసుపత్రి అవసరాలకు వెళ్తుంది. సర్కారు ఆసుపత్రికి రోగి ఎక్కువైతే భారం పెరగడమే తెలుసు. రోగితో పాటు కొంత డబ్బు కూడా వచ్చే దారి ఇదొక్కటే. ఆ క్లెయిమ్‌లు ఆలస్యమైతే ధర్నా చేసే సంఘం కేజీహెచ్‌కు లేదు, కాబట్టి దాని బకాయి వార్తల్లోకి రాదు. ప్రైవేటు వాళ్లు సేవలు ఆపిన ప్రతిసారీ ఆ రోగులంతా ఇటే వస్తారు. ఆపరేషన్ బల్లలు అవే, మత్తు డాక్టర్లు వాళ్లే. హనుమంతవాకలో ఇంకో సర్కారు ఆసుపత్రి విమ్స్ 2016 నుంచి ఉంది, దానికి డాక్టర్లను, పరికరాలను నిండుగా ఇస్తే పెద్దాసుపత్రి మీద ఒత్తిడి కొంతైనా దిగుతుంది. ప్రైవేటు ఆసుపత్రుల సంఘంతో బేరమాడేటప్పుడు ప్రభుత్వం చేతిలో ఉండే బలం కూడా అదే. మీరు ఆపితే మేం చూసుకోగలం అనాలంటే చూసుకునే చోటు ఉండాలి.

కార్డు లేకపోవడం కంటే కార్డులో పేరు లేకపోవడం ఎక్కువమందిని బాధిస్తుంది. పెళ్లై వచ్చిన కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటుంది. పుట్టిన బిడ్డ పేరు ఎక్కించరు, ఏముందిలే తర్వాత చూద్దాం అనుకుంటారు. పని కోసం వలస వచ్చిన కుటుంబం చిరునామా ఇంకా సొంతూళ్లోనే ఉంటుంది. ఇవన్నీ వార్డు సచివాలయంలో తీరే పనులే, జబ్బు రాకముందు చేసుకుంటే. జీతం 21 వేలు దాటగానే కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ నుంచి బయటపడే ఆటోనగర్ కార్మికుడిది ఇంకో రకం ఖాళీ. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమే కాబట్టి అతనికి వైద్య సేవ వర్తించాలి. కానీ ఈఎస్ఐ ఉంది కదా అని ఇన్నేళ్లూ కార్డు చేయించుకుని ఉండడు.

చివరగా, ఈ పథకం పడుకోబెట్టి చేసే వైద్యానికి. రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలకు కాదు. గుండెపోటు వచ్చాక లక్షల స్టెంటు ఉచితం, గుండెపోటు రాకుండా ఆపే మాత్రకు డబ్బు లేక వారం వేసి వారం మానేసేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. పట్టణ ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఉచితమే, స్టాకున్న రోజున. అక్కడ నెల సరిపడా మాత్రలు ఒకేసారి ఇస్తే, ఐదేళ్ల తర్వాత బీమా కంపెనీ కట్టే క్లెయిమ్‌లు కొన్నైనా తగ్గుతాయి. బడ్జెట్ రాసేవాళ్లకు ఈ లెక్క తెలీక కాదు. ఐదేళ్ల తర్వాత వచ్చే ఫలితానికి రిబ్బన్ కట్ చేసే కార్యక్రమం ఉండదు.

అడగాల్సినవి చాలానే ఉన్నా, ఖర్చు లేని కోరిక ఒకటుంది. వైద్య మిత్ర డెస్కు వెనక గోడ మీద ఒక నల్లబల్ల పెట్టి, ఈ ఆసుపత్రికి రావాల్సిన పాత బిల్లు ఎన్ని రోజులుగా ఆగి ఉందో వారం వారం సుద్దముక్కతో రాయాలి. కేజీహెచ్‌లోనూ రాయాలి. అలాంటి బల్ల ఉండి ఉంటే, 2025 అక్టోబర్ 9 సాయంత్రం దాని మీద అంకె చూసిన ఏ రోగి బంధువుకైనా మర్నాడు ఏం జరగబోతోందో ముందే తెలిసేది.